సమస్య: “చచ్చినట్టివాడె చావు గెలిచె”

సమస్య ఇస్తున్నవారు (నిర్వాహకురాలు):

ఆటవెలది నాలుగో పాదం ఇది. ఐదూ సూర్యగణాలే, యతి ‘చ–చా’. నియమం ఒక్కటే. హ్యారీ పాటర్ ఏడో పుస్తకం ‘డెత్లీ హాలోస్’ చదివినప్పుడు మీ మనసులో మిగిలిపోయినదాన్ని పట్టుకుని పూరించాలి.

2007 జులై 21న లండన్‌లో అర్ధరాత్రి దాటిన నిమిషానికి ఆ పుస్తకం అమ్మకానికి వచ్చింది. ఒక్క అమెరికాలోనే మొదటి 24 గంటల్లో 83 లక్షల ప్రతులు పోయాయి. 1997లో మొదటి పుస్తకం పట్టుకున్న పిల్లలు అప్పటికి కాలేజీల్లో ఉన్నారు. నేను హైదరాబాద్‌లో ఒక పుస్తకాల షాపు ముందు లైన్లో నిలబడి తెచ్చుకున్నాను. ఎవరు పోతారో ఎవరైనా చెప్పేస్తారేమోనని ఆ రెండు రోజులూ ఫోన్ ఎత్తలేదు. అంత టెన్షన్ పరీక్షలప్పుడు కూడా పడలేదు.

సమస్య ఎక్కడ పుట్టిందో కూడా చెబుతాను. 16వ అధ్యాయంలో హ్యారీ మొదటిసారి తల్లిదండ్రుల సమాధి చూస్తాడు. కడపటి శత్రువు మృత్యువనీ, అదీ నశిస్తుందనీ రాతి మీద ఒక బైబిల్ వాక్యం ఉంటుంది. ఇది తన శత్రువు, చావును జయించాలనుకునే దుష్ట మాంత్రికుడు వాల్డమార్ట్ మనుషుల మాటలా ఉందే అని హ్యారీ కంగారు పడతాడు. చావును తప్పించుకోవడం కాదు, చావు తర్వాత కూడా బతకడం అని స్నేహితురాలు హెర్మయొనీ విడమరిచి చెబుతుంది. ఆ పేజీ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

హనుమకొండ మాస్టారు:

అమ్మా, నేను ఈ పుస్తకాలు మనవరాలి కోసం మొదలుపెట్టి నా కోసం పూర్తి చేశాను. వాల్డమార్ట్ ముక్కలు చేసుకున్న తన ఆత్మలో ఒక తునక హ్యారీలో ఉంటుంది. అది పోవాలంటే తాను చావాలని తెలిసి హ్యారీ అడవిలో వాడి ఎదుటికి వెళ్ళే 34వ అధ్యాయం మీద నా పూరణ:

అడవిలోకి బాలు డంతయు దెలిసియు
దండ మెత్తకుండ తరలిపోయె
తునిగె నతనిలోని దుష్టాత్మ తునకయె
చచ్చినట్టివాడె చావు గెలిచె

నచికేతుడు యముడి ఇంటికి తనంతట తాను నడిచి వెళ్ళినట్టుంది ఆ నడక. అయితే నచికేతుడికి తండ్రి మాట ఉంది. ఈ పిల్లవాణ్ణి వెళ్ళమని ఎదుట నిలబడి ఎవరూ చెప్పలేదు.

తెనాలి అక్కయ్య:

మాస్టారూ, పద్యం చక్కగా నడిచింది. ‘దండ మెత్తకుండ’, అంటే మంత్రదండం ఎత్తకుండా, అన్న దగ్గర నాకు గొంతు పట్టేసింది. ఎదురు తిరగకుండా వెళ్ళడమే కదా అసలు విషయం. ఒక్క సందేహం. చచ్చింది వాడిలోని తునక అని మీరే మూడో పాదంలో చెప్పారు. మరి నాలుగో పాదంలో ‘చచ్చినట్టివాడు’ ఎవరు?

హనుమకొండ మాస్టారు:

మంచి ప్రశ్న తల్లీ. ‘చచ్చినట్టి’ అన్నది ‘చచ్చినట్టుగా’ అని కూడా వినపడాలనే అక్కడ ఉంచాను. శత్రువుల పక్షంలోని నార్సిస్సా వంగి చూసి, తన కొడుకు బతికే ఉన్నాడని హ్యారీ నోట విని, హ్యారీ పోయాడని గట్టిగా చెబుతుంది. వాడు చచ్చినట్టు పడి ఉంటాడు. వ్యాకరణం ఒప్పుకోదని అంటే మాత్రం ఒప్పుకుంటాను.

నిర్వాహకురాలు:

వ్యాకరణం ఒప్పుకోకపోయినా చెవి ఒప్పుకుంది మాస్టారూ. ఉంచేద్దాం.

గుంటూరు నుంచి ఒక అన్నయ్య:

నాకు ఏడో పుస్తకమంటే స్నేప్, హ్యారీని ఏడిపించే ఆ మాస్టారు. ఆరు పుస్తకాలు తిట్టుకుంటూ చదివాను. 33వ అధ్యాయంలో అతని జ్ఞాపకాల్లో హ్యారీ తల్లి లిల్లి మీది ప్రేమ చూశాక పుస్తకం బోర్లించి డాబా మీదకి వెళ్ళిపోయాను.

కంటినీటిలోన కథనెల్ల నిలిపెను
లిల్లి మీది వలపు లేడి యయ్యె
ఆరు పుస్తకాల యపవాదు గడిగెను
చచ్చినట్టివాడె చావు గెలిచె

హనుమకొండ మాస్టారు:

రెండో పాదం ఒక్కటి చాలు బాబూ. ఆ ప్రేమంతా స్నేప్ మంత్రంతో పుట్టిన వెండి లేడి రూపంలో మంచులో నడిచి వెళ్ళడాన్ని ఐదు గణాల్లో పెట్టావు. ‘యయ్యె’ తర్వాత ‘ఆరు’ అని అచ్చు వచ్చిందని ఎవరైనా తప్పు పట్టవచ్చు. అక్కడ వాక్యం ఆగింది కనుక నేను పట్టను.

డాలస్ తమ్ముడు:

అన్నా, మొదటి పాదం సినిమాలోది. సినిమాలో చనిపోతున్న స్నేప్ నుంచి హ్యారీ సీసాలోకి పట్టేది కన్నీళ్ళు. పుస్తకంలో కన్నీళ్ళు కావు. నీరూ కాని, ఆవిరీ కాని నీలి వెండి రంగు పదార్థం నోటి నుంచి, చెవుల నుంచి, కళ్ళ నుంచి ఒక్కసారిగా పొంగుతుంది. జ్ఞాపకాలు మనిషి పట్టలేనంతగా బయటికి వచ్చేస్తాయి. కన్నీరు అంటే ఆ భయం పోతుంది. సమస్య పుస్తకం మీద కదా.

గుంటూరు అన్నయ్య:

నిజమే తమ్ముడూ. సినిమా నా మనసులో పుస్తకాన్ని చెరిపేసిందని ఇప్పుడు తెలిసింది. మార్చాను:

కనుల చెవుల నోట కథనెల్ల గార్చెను

యతి నిలిచింది, గణాలు సరిపోయాయి. మిగతా మూడు పాదాలూ యథాతథం.

నిర్వాహకురాలు:

ఇది ముందుదానికంటే మొరటుగా ఉంది, ముందుదానికంటే నిజంగానూ ఉంది. ఇదే ఉండనివ్వండి.

తెనాలి అక్కయ్య:

అందరూ పెద్ద పాత్రల వెంట పడ్డారు. బానిసగా పుట్టి, హ్యారీని కాపాడుతూ పోయిన చిన్న ప్రాణి డాబీని నేను వదలలేను. 24వ అధ్యాయం.

మంత్రమేది లేక మట్టి గోతిని దీసి
రాయి నుంచె నొకటి రాతతోడ
బానిసగను బుట్టి బంధాలు దెంచుక
చచ్చినట్టివాడె చావు గెలిచె

హ్యారీ పార పట్టుకుని ఒళ్ళంతా చెమటలు కారుతూ తవ్వుతాడు. మంత్రంతో అయితే క్షణం పని. మా మామయ్యగారు పోయినప్పుడు మా ఆయన కూడా పనులన్నీ ఎవరికీ ఇవ్వకుండా తన చేతులతోనే చేసుకున్నారు. అది చూశాక ఈ అధ్యాయం నాకు ఇంకోలా అర్థమైంది.

హనుమకొండ మాస్టారు:

అక్కయ్యా, భావం పదిలంగా ఉంది. కానీ మొదటి రెండు పాదాల్లో కర్త లేడు. గోతిని తీసినదెవరు, రాయి పెట్టినదెవరు? నాలుగో పాదానికి వచ్చేసరికి గొయ్యి తీసినవాడే చచ్చినట్టు అర్థం వచ్చే ప్రమాదం ఉంది. రెండో పాదం ఇలా అంటే?

బాలుడే లిఖించె బండమీద

తెనాలి అక్కయ్య:

తీసుకున్నాను మాస్టారూ. ‘బాలుడే’ అనడంలో, ఇంకెవరికీ అప్పజెప్పలేదు అన్నది కూడా వచ్చింది. నేను చెప్పాలనుకుని చెప్పలేనిది అదే.

నిర్వాహకురాలు:

విశాఖ నుంచి హ్యారీ గుడ్లగూబ హెడ్విగ్ మీద ఒక పూరణ వచ్చింది. అయిదో పుస్తకం దాకా వెళ్ళి ఎన్నో గుర్తు చేసుకున్నారు, చదువుతుంటే బాధేసింది. కానీ ఆ గుడ్లగూబ ఆడది. ‘వాడె’ అన్న మాటకు ఎంత తిప్పినా ఒప్పదు. అందుకే తీసుకోలేకపోతున్నాను.

డాలస్ తమ్ముడు:

నేను సమస్యను మధ్యలో విరిచాను. అనుమతిస్తారో లేదో చూడండి.

చావు లేని బతుకు సాధింప నాత్మను
ముక్కముక్క జేసి ముడిచి దాచె
చివరి మంత్ర మతని చెంతకే మరలెను
చచ్చినట్టివాడె, చావు గెలిచె

హనుమకొండ మాస్టారు:

అనుమతి కాదు బాబూ, దీనికి చప్పట్లు. ఇచ్చిన పాదంలో ఒక్క అక్షరం మార్చకుండా అర్థాన్ని తలకిందులు చేశావు. ‘చావు గెలిచె’ అంటే చావును గెలిచాడు అనే అందరం చదివాం. నువ్వు చావే గెలిచింది అని చదివించావు. ఒకే పాదం హ్యారీకి ఒకలా, వాల్డమార్ట్‌కి ఒకలా అమరింది. కథ మొత్తం ఈ తేడా మీదే నిలబడింది గదా.

గుంటూరు అన్నయ్య:

పూరణ అద్భుతం. కానీ తమ్ముడూ, ‘19 ఏళ్ళ తర్వాత’ అనే ముగింపు అధ్యాయం మీద కూడా రాస్తావనుకున్నాను. నీకు అది నచ్చలేదని ఎప్పుడో అన్నావు.

డాలస్ తమ్ముడు:

ఇప్పటికీ నచ్చదు అన్నా. అంత యుద్ధం అయ్యాక ఆ మర్నాడు వాళ్ళు ఎలా లేచారు, అన్నం ఎలా తిన్నారు, కవల సోదరుడు ఫ్రెడ్‌ను పోగొట్టుకున్న జార్జ్ తమ ఇద్దరి షాపు తలుపు ఎలా తెరిచాడు, అవి కావాలి నాకు. పిల్లల పేర్లు, రైలు ప్లాట్‌ఫామ్ కాదు. మా అక్కకు మాత్రం అదే ఇష్టమైన అధ్యాయం. ఇన్ని చావుల తర్వాత ఒక మామూలు పొద్దున చూపించకపోతే పుస్తకం మూయలేకపోయేదాన్ని అంటుంది. మేమిద్దరం దీని మీద ఎన్నేళ్ళయినా ఒక మాట మీదకు రాలేదు.

కాకినాడ చెల్లెలు:

అందరికీ నమస్కారం. నేను ఇంటర్ రెండో సంవత్సరం. పద్యం రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే చెప్పండి. 31వ అధ్యాయం చివర ఫ్రెడ్ నవ్వుతూ పోతాడు. ఆ నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోతుంది. నేను చివరిదాకా చదివి, ఏం చేయాలో తోచక, ఆ రాత్రే మొదటి పుస్తకం మళ్ళీ తీశాను. స్టేషన్లో కవలలిద్దరూ వాళ్ళమ్మను ఆటపట్టిస్తూ ఉన్నారు. నేను ఫ్రెడ్‌ని కాను అంటున్నాడు ఫ్రెడ్.

చివరి పేజి మూసి కన్నీరు దుడుచుక
మొదటి పొత్త మెత్త మొలకనవ్వు
తోడ కవలవాడు తొంగిచూచె మరల
చచ్చినట్టివాడె చావు గెలిచె

హనుమకొండ మాస్టారు:

అమ్మాయీ, గణాలు ఎక్కడా తప్పలేదు. మొదటి పాదంలో మాత్రం యతి లేదు. ‘చి’కి ‘క’ కుదరదు. ‘కడపటి పుట మూసి’ అంటే ‘క–క’ సరిపోతుంది, గణాలూ నిలుస్తాయి. మిగతా పద్యం నేను ముట్టుకోను. ‘మొలకనవ్వు తోడ’ అని పాదం దాటించావు చూడు, ఆ నవ్వు కూడా అలాగే ఒక పుస్తకం నుంచి ఇంకో పుస్తకంలోకి దాటింది.

తెనాలి అక్కయ్య:

మాస్టారూ, క్షమించాలి. ఆ పిల్ల మూసింది ‘పేజీ’. ‘కడపటి పుట’ మనం మూస్తాం. తన మాట తనకు ఉంచి యతి కుదిర్చే దారి చూశాను:

చివరి పేజి మూసి చెమ్మకన్నుల దుడ్చి

‘చి–చె’ యతి మైత్రి ఉంది.

హనుమకొండ మాస్టారు:

నా సవరణ వెనక్కి తీసుకుంటున్నాను. అక్కయ్యదే సరైనది.

నిర్వాహకురాలు:

ఈ వారం మొదటి స్థానం గురించి నాకు రెండో ఆలోచన లేదు. విరుపులో డాలస్ తమ్ముడిని మించినవారు లేరు. కానీ నేను రాతి మీద చదివిన ఆ వాక్యానికి, చావు తర్వాత కూడా బతకడం అన్నదానికి, కాకినాడ చెల్లెలి పూరణే జవాబు. చెల్లీ, సవరించిన పద్యం మొత్తం నీ చేత్తోనే మళ్ళీ రాయి.

కాకినాడ చెల్లెలు:

చివరి పేజి మూసి చెమ్మకన్నుల దుడ్చి
మొదటి పొత్త మెత్త మొలకనవ్వు
తోడ కవలవాడు తొంగిచూచె మరల
చచ్చినట్టివాడె చావు గెలిచె

అక్కా, మాస్టారూ, ఇది మొదటి పుస్తకం లోపలి అట్ట మీద పెన్సిల్‌తో రాసుకున్నాను. మా తమ్ముడు వచ్చే సెలవుల్లో చదవడం మొదలుపెడతాడు. వాడికి ఇప్పుడే అర్థం కాకూడదని ఫ్రెడ్ పేరు మాత్రం ఎక్కడా రాయలేదు.