ట్యాబు పరీక్ష పెట్టి "నీది ఈ రకం తెలివి" అని పిల్లల్ని విడదీయడం సరైనదేనా?

అమలాపురం అమ్మ:
మా పాప ఆరో తరగతి, ప్రైవేటు స్కూలు. మొన్న ట్యాబులో ఏవో ప్రశ్నలు పెట్టి "మీ అమ్మాయిది సంగీత ప్రజ్ఞ" అని రిపోర్టు చేతిలో పెట్టారు. ఇకమీదట భిన్నాలు కూడా పాటల వీడియోల్లోనే చెబుతారట. పక్కింటి బాబుకి "శారీరక ప్రజ్ఞ" అని వచ్చింది, వాడికి ఆటల యాప్ ఇచ్చారు. ఇదంతా గార్డ్‌నర్ సిద్ధాంతం అంటున్నారు. పాపకి పాట మొత్తం నోటికొచ్చేసింది. 3/4, 2/3లో ఏది పెద్దదే అంటే మాత్రం రెండూ సమానమే అంటోంది. ఇది మంచి పద్ధతేనా అండి?

భీమవరం బీఎడ్:
నా ఉద్దేశంలో మంచిదేనండి. 1983లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త హోవార్డ్ గార్డ్‌నర్ ఏడు రకాల ప్రజ్ఞలున్నాయని చెప్పాడు: భాష, తర్కం-గణితం, సంగీతం, ప్రాదేశికం (అంటే ఆకారాలు, దిక్కులు, దూరాలు మనసులో ఊహించుకోవడం), శారీరకం, ఇతరులను అర్థం చేసుకోవడం, తనను తాను తెలుసుకోవడం. ప్రకృతి ప్రజ్ఞని తర్వాత కలిపాడు. మన దగ్గర తెలివంటే ఇప్పటికీ మార్కులే. మా ఊళ్లో ఎక్కాలు రాని కుర్రాడొకడున్నాడు. రొయ్యల చెరువులో చెక్ ట్రే, అంటే మేత ఎంత తిన్నాయో చూసే పళ్లెం, పైకెత్తి, మిగిలిన మేత చూసి, ఈ పూట ఎంత తగ్గించాలో వాళ్ల నాన్నకి చెప్పేస్తాడు. బళ్లో మాత్రం వాడు మొద్దు! ట్యాబు వల్ల ఇలాంటి పిల్లలకి వాళ్ల దారిలో పాఠం అందుతుందంటే ఎందుకు కాదనాలి?

రాజోలు లెక్కల మాస్టారు:
ఆ కుర్రాణ్ని మొద్దు అనడం ఘోరం, అక్కడ నేను మీతోనే ఉన్నాను. కానీ గార్డ్‌నర్ చెప్పింది ఒకటి, ఈ స్కూలు చేస్తున్నది ఇంకొకటి. ఇన్ని రకాల సామర్థ్యాలున్నాయని ఆయన అన్నాడు, అవి ప్రతి మనిషిలోనూ కలిసే ఉంటాయి. ఈ పిల్లకి పాట, ఆ పిల్లాడికి ఆట అని పంచమనలేదు. ఒకరు చూసి, ఒకరు విని, ఒకరు చేసి నేర్చుకుంటారనే "అభ్యసన శైలుల" వాదనతో తన సిద్ధాంతాన్ని కలిపేయొద్దని 2013లో ఆయనే రాశాడు. శైలికి తగ్గట్టు బోధిస్తే ఎక్కువ వస్తుందన్న మాటకి సరైన ఆధారాలు లేవని 2008లో మనస్తత్వ శాస్త్రవేత్తలు పరిశోధనలన్నీ వడబోసి తేల్చారు. అసలు ఏడు ప్రజ్ఞలూ వేటికవే అన్న మాటమీదే వివాదముంది. ఒక రకం పరీక్షలో బాగా చేసినవాళ్లు మిగతావాటిలోనూ బాగా చేయడం స్పియర్‌మన్ అనే బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త 1904లోనే చూపించాడు.

గార్డ్‌నర్ టీచర్లకిచ్చిన సలహా వేరు. ముఖ్యమైన విషయాన్ని పలు విధాలుగా చెప్పమన్నాడు, అదీ అందరికీ. నేను భిన్నాలకి ముందు కాగితం మడతపెట్టిస్తాను. తర్వాత తాడు పట్టుకుని గ్రౌండులోకి వెళ్తాం, సెంటు నేల కొలుస్తాం. ఎకరానికి వంద సెంట్లని మన పిల్లలకి ఇంట్లోనే తెలుసు. ఆ తర్వాతే ట్యాబులో లెక్కలు.

తెర అవసరమయ్యే పాఠాలు వేరే ఉన్నాయి. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠలుగా చీలడం, వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోవడం ఏ గట్టుమీద నిలబడినా కనబడదు. క్లాసులోని పెద్ద డిజిటల్ తెరమీద ఉపగ్రహ చిత్రం పెడితే పిల్లలు లేచి వచ్చి వాళ్ల ఊరు వెతుక్కుంటారు. గూగుల్ ఎర్త్‌లో 1984 నుంచి ఏటేటా చిత్రాలు నడుస్తాయి, నదీముఖాల దగ్గర ఇసుక మేట ఎలా జరిగిందో కళ్లారా చూస్తారు. ఆ పాఠం "ప్రాదేశిక ప్రజ్ఞ" వచ్చిన నలుగురికే చూపిస్తే మిగతావాళ్లకి అన్యాయం చేసినట్టే.

లంక టీచరమ్మ:
వరదొస్తే మా పిల్లలు పడవ లేనిదే బడికి రాలేరు. 2022 డిసెంబరులో ప్రభుత్వం ఎనిమిదో తరగతికి ఇచ్చిన ట్యాబుల్లో పాఠాలు ముందే ఎక్కించి ఉండేవి, నెట్ లేకపోయినా నడిచేవి. అర్థం కాకపోతే వెనక్కి తిప్పుకుని మళ్లీ వింటారు. క్లాసులో మళ్లీ చెప్పమని అడగడానికి సిగ్గుపడే పిల్లకి అదెంత ధైర్యమో నాకు తెలుసు. ప్రజ్ఞల గొడవ ఎలా ఉన్నా ట్యాబుని మాత్రం తీసిపారేయకండి.

భీమవరం బీఎడ్:
పిల్లలకి ముద్ర వెయ్యకూడదంటే ఒప్పుకుంటాను మాస్టారూ. కానీ నలభై మంది ఉన్న క్లాసులో తాడు, కాగితం, తెర అన్నీ అయ్యేసరికి సిలబస్ ఎక్కడుంటుందండి? ఈ సిద్ధాంతం తప్పని కొట్టేస్తే మళ్లీ బోర్డు, బట్టీ దగ్గరికే పోతాం. నా భయం అదే.

రాజోలు లెక్కల మాస్టారు:
సమయం మాట నిజం. అందుకే అన్ని పాఠాలకీ చెయ్యను, పిల్లలు ఎప్పుడూ తడబడే నాలుగైదింటికే చేస్తాను. భిన్నాలు వాటిలో మొదటివి.

అమ్మా, మీ పాప సమానమే అందన్నారు కదా, అసలు సంగతి అక్కడుంది. రెండింట్లోనూ నిండడానికి ఒక్క ముక్కే తక్కువ కాబట్టి సమానం అనుకుని ఉంటుంది. చాలామంది పిల్లలు ఇలాగే అనుకుంటారు. ప్రజ్ఞ రిపోర్టులో ఇది దొరకదు, పాటలో అసలే దొరకదు. ఎకరం కాగితంమీద గీసి, తగ్గిన ముక్క ఎంతో అడగండి. ఒకచోట పావు, అంటే 25 సెంట్లు. రెండోచోట మూడోవంతు, అంటే 33 సెంట్ల పైచిలుకు. ఎందులో ఎక్కువ మిగిలిందో పాపనే చెప్పనివ్వండి. స్కూల్లో రిపోర్టు గురించి వాదన పెట్టుకోకండి. పాప ట్యాబులో చేసిన లెక్కలు తెరిచి, ఎక్కడెక్కడ తప్పిందో చూపించమనండి.