నాన్న ఆదివారం షెడ్డు తెరవరు: పాత కార్ల వ్యాపారం చేసే ఇళ్లవాళ్లు మీ అనుభవాలు చెప్పండి

గూడెం_అబ్బాయి:
మాది తాడేపల్లిగూడెం. నాన్న 1994 నుంచి సెకండ్ హ్యాండ్ కార్లు కొని అమ్ముతున్నారు. రోడ్డు పక్కన రేకుల షెడ్డు, అందులో ఏడెనిమిది బండ్లు, ఒక మెకానిక్, బండ్లు కడగడానికి ఒక కుర్రాడు. అంతే మా వ్యాపారం. మేం క్రైస్తవులం. ఇన్నేళ్లలో నాన్న ఆదివారం ఒక్కసారి కూడా షెడ్డు తాళం తీయలేదు. పొద్దున ఆరాధన, మధ్యాహ్నం ఇంట్లో అందరం కలిసి భోజనం, సాయంత్రం సంఘంలో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే వాళ్లింటికి వెళ్లి ప్రార్థన.

ఇప్పుడు ఆయన మోకాళ్లు సహకరించడం లేదు. షెడ్డు నా చేతికి వస్తోంది. ఉద్యోగస్తులకు బండి చూసుకునే తీరిక ఆదివారమే. మిగతా రోజుల్లో చూస్తే, ఆషాఢంలో డెలివరీ తీసుకోరు, మూఢంలో తీసుకోరు, అమావాస్యకు అసలే రారు. శనివారం ఇనుము కొనకూడదని ఇంకొందరు. వాళ్ల నమ్మకాలను నేను తప్పుపట్టడం లేదు. నాన్న అయితే డెలివరీ రోజు నిమ్మకాయలు తనే తెప్పించి ఉంచుతారు. "వాళ్ల దేవుడికి వాళ్లు మొక్కుకోనీ, బ్రేకులు మాత్రం మనం చూడాలి" అంటారు. ముందురోజు రాత్రి బండిని తణుకు దాకా తనే నడిపి చూసేవారు.

ఆదివారం తెరవాలా వద్దా అని రెండు నెలలుగా ఒకటే టెన్షన్. మీ ఇళ్లల్లో ఎలా నెట్టుకొచ్చారో చెప్పండి.

తెనాలి_ఆడపడుచు:
తమ్ముడూ, మా నాన్నగారిదీ ఇదే వ్యాపారం. ఆయన పోయి నాలుగేళ్లయింది, ఇప్పుడు అన్నయ్య చూస్తున్నాడు. నాన్నగారు శనివారం ఒంటిపూట ఉండేవారు. వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్లకుండా షెడ్డుకు వచ్చేవారు కాదు. ఊళ్లో అందరూ ఆయన్ని మెచ్చుకునేవారు. మా ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియని సంగతి ఒకటి చెబుతాను.

బండ్లు కొనడానికి తెచ్చే డబ్బుకు నూటికి రెండు రూపాయల వడ్డీ. ఐదు లక్షలు పెట్టిన బండి మూడు నెలలు కదలకపోతే వడ్డీకే 30 వేలు పోయినట్టు. అలాంటివి రెండు మూడు ఒకేసారి నిలిచిపోతే అమ్మ గాజులు, గొలుసు బ్యాంకుకు వెళ్లేవి. మా పిన్ని కూతురి పెళ్లికి అమ్మ మెడలో పసుపుతాడుతోనే వచ్చింది. అప్పుడు నాకు పదకొండేళ్లు. అమ్మ ఆ రోజంతా పైట నిండుగా కప్పుకునే ఉంది. నాన్నగారి మంచితనం గురించి ఎవరు మాట్లాడినా నాకు ముందు అదే గుర్తొస్తుంది. నువ్వు షెడ్డు తీసుకునే ముందు మీ ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని అప్పులు, వడ్డీలు అన్నీ కాగితం మీద పెట్టు. ఆ అమ్మాయికి తెలియకుండా ఏదీ ఉండకూడదు.

ఇంకో మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద తర్వాత విజయవాడ వైపు నుంచి చవగ్గా బండ్లు వచ్చాయి. పైన పాలిష్ పెట్టి అద్దంలా చేసి తెచ్చారు. అన్నయ్య నాన్నగారు నేర్పినట్టు సీటు బెల్టు చివరిదాకా బయటికి లాగి చూశాడు. లోపల చుట్టుకుని ఉండే భాగంలో బురద చార. బండి వెనక్కి పంపేశాడు. తక్కువలో వస్తోందని తీసుకుని ఇంకొకరి నెత్తిన రుద్దితే ఆ పాపం మనకే కదా.

నంద్యాల_భాయ్:
అన్నా, మా అబ్బా వడ్డీ తీసుకోరు, కట్టరు. మాకు అది హరామ్. ఫైనాన్స్ కంపెనీవాళ్లు లోన్ ఇప్పించినందుకు ఇచ్చే కమీషన్ కూడా వద్దన్నారు. లోన్ కావాలంటే మీరే నేరుగా బ్యాంకుకు వెళ్లండి అని పంపేస్తారు. దానివల్ల బేరాలు పోయాయి, కాదనను. పెట్టుబడికి మా మామ, చిన్నాన్న చెయ్యేశారు, లాభమైనా నష్టమైనా వాటా ప్రకారం పంచుకుంటాం. కాబట్టి షెడ్డులో నాలుగు బండ్లకు మించి ఉండవు.

శుక్రవారం నమాజుకు రెండు గంటలు మూస్తాం. నీ ఆదివారం సంగతికి నాకు తోచింది: ఉద్యోగస్తుల కోసం శనివారం రాత్రి పది దాకా ఉండు. బండి వీడియో ముందే వాట్సాప్‌లో పెట్టు. మామూలు రోజుల్లో సాయంత్రం వాళ్ల ఆఫీసు దగ్గరికే బండి తీసుకెళ్లు. మేం ఇలాగే చేస్తున్నాం.

పాత_ఓనర్:
నేను డీలర్‌ను కాదు, బండి అమ్మి దెబ్బతిన్నవాణ్ణి. 2019లో మా ఊళ్లో ఒక డీలర్‌కు కారు ఇచ్చాను. షాపు నిండా దేవుడి పటాలు, నుదుట ఇంత బొట్టు. నమ్మి, ఆర్‌సీలో పేరు మార్చడానికి ఇచ్చే 29, 30 ఫారాల మీద ఖాళీగా సంతకాలు పెట్టాను. కారు చేతులు మారింది, పేరు మాత్రం నాదే ఉండిపోయింది. రెండేళ్లకు యాక్సిడెంట్ కేసులో నాకు నోటీసు. ఆర్‌సీలో పేరున్నవాడే ఓనర్, పరిహారం బాధ్యత అతనిదే అని సుప్రీంకోర్టు 2018లోనే నవీన్ కుమార్ కేసులో చెప్పిందని అప్పుడు లాయర్ దగ్గర విన్నాను. ఆ రోజుల్లో నాకు నిద్ర లేదు.

2023 ఏప్రిల్ నుంచి కొత్త రూల్స్ వచ్చాయి. డీలర్ ఆర్టీవో దగ్గర ఆథరైజేషన్ తీసుకోవాలి, బండి తన చేతికి రాగానే ఆన్‌లైన్‌లో తెలపాలి, అప్పటినుంచి బాధ్యత డీలర్‌దే. మీరు ఆదివారం తెరిచినా మూసినా నాకు ఒకటే. ఆర్‌సీ మారిందని నా ఫోన్‌కు మెసేజ్ వస్తే చాలు, మీ నాన్నగారి భక్తిని నమ్ముతాను.

గూడెం_అబ్బాయి:
అందరికీ వందనాలు. తెనాలి అక్కా, మీ మాట చదివి మా ఆవిడతో కూర్చున్నాను. వడ్డీ లెక్క తీస్తే ఆరు నెలలుగా కదలని రెండు బండ్లు బయటపడ్డాయి. వాటిని వచ్చిన రేటుకు ఇచ్చేస్తున్నాం. 2025 జనవరి నుంచి మాలాంటివాళ్లకు లాభం మీద 18 శాతం జీఎస్టీ కూడా ఉంది కదా, ఆ పుస్తకం ఇక తను రాస్తానంది. ఆదివారం మూసే ఉంటుంది. భాయ్, శనివారం రాత్రి పది దాకా ఈ వారం నుంచే మొదలుపెడుతున్నాను.

పాత ఓనర్ గారూ, మీకు జరిగింది చదివాక నాన్న దగ్గరున్న లాంగ్ నోట్‌బుక్ తీశాను. అమ్మిన ప్రతి బండి నంబరు, దాని పక్కన పేరు మారిన తేదీ. మారనివి ఎర్ర సిరాతో ఉన్నాయి. మూడే మూడు. నాన్నను అడిగితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఆ ఓనర్ల కోసం ప్రతి రాత్రి ప్రార్థన చేస్తున్నానన్నారు. సోమవారం ఆ నంబర్లు పట్టుకుని ఆర్టీవో ఆఫీసుకు వెళ్తున్నాను. మోకాళ్లు నొప్పిగా ఉన్నా తనూ వస్తానంటున్నారు.