తల తడిపాక క్షవరం తప్పదా? ఒక కాంటొనీస్ మాట మీద చర్చ

కౌలూన్‌వాసి:
హాంకాంగ్‌లో మా ఆఫీసువాళ్ల నోట తరచూ వినే కాంటొనీస్ (అక్కడివాళ్లు మాట్లాడే చైనీస్) మాట ఒకటుంది: "సాయ్ సాప్ జో గో తావ్". అంటే "తల తడిపేశాం" అని. మిగతాది చెప్పరు. తడిపాక క్షవరం కానివ్వాల్సిందేనని వినేవాళ్లకు తెలుసు. మొదలుపెట్టిన పని ఎంత చిరాకైనా ముగించక తప్పనప్పుడు అంటారు. మన "రోట్లో తల పెట్టి రోకటి పోటుకు వెరవనేల" అచ్చం ఇదే కదా! నాకైతే చాలా మంచి మాట అనిపిస్తుంది. మీరేమంటారు?

పదాలపిచ్చి:
అచ్చం ఇదే కాదండీ. రోట్లో తల పెట్టేవాడికి రోకలి ముందే కనిపిస్తుంది. తల తడిస్తే ఏముంది, తువ్వాలుతో తుడుచుకుని కుర్చీలోంచి లేచిపోవచ్చు. మా బాబాయి "ఇంత పెట్టాం కదా" అంటూ నష్టాల షాపును మూడేళ్లు లాగాడు. చివరికి పిన్ని గాజులు కూడా పోయాయి. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ "మొదలెట్టాక తప్పుతుందా" అన్నవాళ్లే. ఆపెయ్యమని ఒక్కరూ అనలేదు. నాకు ఆ మాటంటేనే భయం.

గోదారిగట్టు:
నేను చైనాలో కాంటొనీస్ మాట్లాడే గ్వాంగ్‌జౌ నగరంలో నాలుగేళ్లున్నాను. నిజంగా తప్పించుకోలేని పనికి అక్కడ ఇంకో మాట వాడతారు: "ఙాంగ్ జ్యూ తావ్ పెయ్". ఙాంగ్ అంటే గట్టి, తావ్ పెయ్ అంటే నెత్తి మీది చర్మం. మనం పంటి బిగువున భరిస్తాం, గుండె రాయి చేసుకుంటాం. వాళ్లు నెత్తి చర్మం బిగిస్తారు. (చైనా అధికార భాష మాండరిన్‌లోనూ దాదాపు ఇదే ఉంది, పలకడం వేరు.) ఇష్టం లేకపోయినా చేస్తున్నామని అందులోనే తెలుస్తుంది. ఈ రెండూ కలిపేయకండి.

కౌలూన్‌వాసి:
నిజమే, కలిపేశాను. కిందటి నెల నాన్న బ్యాంకు ఖాతా మూయించడానికి ఊరెళ్లాను. ఫారంలో "మరణించిన తేదీ" అన్న గడి దగ్గర చెయ్యి ఆగిపోయింది. కౌంటర్‌లో అమ్మాయి ఏమీ అడగకుండా మంచినీళ్లిచ్చింది. అది నేను మొదలుపెట్టిన పని కాదు, వదిలేసేదీ కాదు. దానికి మీరు చెప్పిన మాటే సరి.

అమ్మ ఫ్యామిలీ పెన్షన్ మాత్రం నేనే కదిపాను. నాలుగోసారి ఆఫీసుకు బయల్దేరుతుంటే "వదిలెయ్యరా, ఈ తిప్పలెందుకు" అంది అమ్మ. తల తడిపేశానమ్మా అన్నాను. సగంలో వదిలేస్తే నష్టపోయేది ఆవిడే.

పదాలపిచ్చి:
నాన్నగారి సంగతి తెలియదండీ, బాధగా ఉంది. పెన్షన్ విషయంలో మీరే కరెక్ట్, వదలకండి. షాపు విషయంలో మాత్రం నా మాట మార్చుకోను.