రంగులు పక్కనపెట్టి నలుపు తెలుపులో గీస్తే చెయ్యి తిరుగుతుందా?

కర్నూలు_కుర్రోడు:
వాటర్ కలర్ వేస్తున్నా. దగ్గరిది, దూరంది అంతా చదునుగా ఒకేలా వస్తోంది. కొన్నాళ్లు రంగులు ముట్టకుండా పెన్సిల్‌తోనే వేయమంటున్నారు. నిజంగా ఉపయోగం ఉందా? ఏ పెన్సిళ్లు, ఏ పేపరు? ఫొటో చూసి వేయొచ్చా?

పెన్నా_గట్టు:
పేపరు సంగతి తర్వాత తమ్ముడూ, ముందు కళ్లు చికిలించి చూడు. గండికోటకు పోయినోళ్లంతా ఎర్రరాయి, ఎర్రరాయి అంటారు. పొద్దు వాలేటప్పుడు చూస్తే లోయలో ఒక గోడ పూర్తిగా నలుపు, ఎదుటిది తెలుపు, అడుగున పెన్నా బూడిదరంగు. మూడే టోన్లు. అవి కుదిరాకే బండల పగుళ్ల జోలికి పోవాలి. నా చెయ్యి తిరిగింది అక్కడే.

హయ్యర్_పాస్:
డ్రాయింగ్ లోయర్, హయ్యర్ రెండూ పాసైనవాణ్ణి కాబట్టి చెబుతున్నా. హెచ్‌బీ, 2బీ, 4బీ, 6బీ చాలు. బీ ముందు అంకె పెరిగేకొద్దీ గ్రాఫైట్ ఎక్కువ, బంకమట్టి తక్కువ. అందుకే మెత్తగా, నల్లగా పడుతుంది. షేడింగ్ అయ్యాక వేలితో రుద్దు, నున్నగా వస్తుంది.

అనంత_గీతలు:
వేలితో రుద్దమనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. వేలి జిడ్డు పేపరుకు పట్టిందంటే రబ్బరుతో ఎంత తుడిచినా పోదు. నా దగ్గరికొచ్చే పిల్లల బొమ్మల్లో అన్నీ పొగచూరిన ముఖాలే! గీత మీద గీత అడ్డంగా వేసి నలుపు తెప్పించాలి.

హయ్యర్_పాస్:
టిష్యూ పేపరుతో రుద్దితే జిడ్డెక్కడిది మేడమ్? పరీక్షలో నాకు మార్కులు ఊరికే వేశారా?

అనంత_గీతలు:
నేను మేడమ్ అని మీకెవరు చెప్పారు? మార్కులు మీ దగ్గరే పెట్టుకోండి. మా అనంతపురం జిల్లా లేపాక్షిలో వీరభద్రుడి గుడి పైకప్పు చూడండి. ముఖాలు, నగలు, చీరల అంచులు నల్లగీత మీదే నిలబడ్డాయి.

హయ్యర్_పాస్:
అవి రంగుల బొమ్మలు. ఇక్కడ అడిగింది పెన్సిల్ గురించి.

హిందూపురం_వాసి:
లేపాక్షి 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. ఇంకెన్నాళ్లు అనంతపురం అంటారు?

పెన్నా_గట్టు:
జిల్లా మారినా నంది ఉన్నచోటే ఉంది కదా సామీ, వదిలెయ్.

బొగ్గు_బాబు:
మీరంతా పెన్సిల్ పట్టుకుని ఏలాడుతున్నారు. 6బీ ఎంత దిద్దినా వెలుతురులో మెరుస్తుంది, ఫొటో తీస్తే నలుపు కాస్తా తేలిపోతుంది. చార్‌కోల్‌కు ఆ బాధ లేదు. గరుకు పేపరు తీసుకో, నున్నటిదాని మీద పట్టదు. రాలకుండా నేనైతే ఇంట్లో హెయిర్ స్ప్రే కొడతా.

కర్నూలు_కుర్రోడు:
ఫొటో గురించి ఎవరూ చెప్పలేదన్నా. కొండారెడ్డి బురుజు వేద్దామని ఉంది.

అనంత_గీతలు:
ఫొటో తీసుకో, కానీ బురుజు ఎదురుగా కూర్చొనే వెయ్యి. ఫొటోలో నీడలన్నీ ఒకే నలుపు ముద్దగా వస్తాయి. కంటికైతే నీడలో రాళ్లు కూడా తెలుస్తాయి. అయ్యాక ఫొటోను, నీ బొమ్మను ఫోన్లో నలుపు తెలుపు చేసి పక్కపక్కన పెట్టుకో. పెందలాడే పో, లేటైతే ఆటోలే కనబడతాయి.

హయ్యర్_పాస్:
హెయిర్ స్ప్రే కొడితే పోనుపోను పేపరు పసుపెక్కుతుంది. ఫిక్సేటివ్ కొనుక్కో బాబూ.

బొగ్గు_బాబు:
డబ్బులు నువ్విస్తావా?