గొంతు క్యాన్సర్ మొదటి దశలో కరెంటుతో (రేడియేషన్‌తో) పాటు కీమో కూడా కావాలా?

తెనాలి అమ్మాయి:
మా నాన్నకి 62. ముప్పై ఏళ్ళ నుంచి బీడీలు. ఉగాది నుంచి గొంతు బొంగురు. పద్యం ఎత్తుకుంటే రెండో పాదానికే గాలి తప్ప మాట రావడం లేదు. ముక్క తీసి పరీక్ష చేస్తే స్వరతంత్రి మీద క్యాన్సర్, టీ1, అంటే మొదటి దశ అన్నారు. మెడలో గడ్డల్లేవు. ఒక డాక్టరు కరెంటు ఒక్కటే, 28 సిట్టింగులు చాలన్నారు. ఇంకోచోట కీమో కూడా కలిపితే మళ్ళీ రాదన్నారు. బాబాయిలేమో రెండూ పెట్టిద్దాం, డబ్బు చూడొద్దంటున్నారు.

అనకాపల్లి అక్క:
రెండూ పెట్టించమ్మా. మా ఆయనకి స్వరపేటిక తీసెయ్యాలన్నారు. ఏడు వారాలు కరెంటు, మధ్యలో మూడుసార్లు సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు. నాలుగో వారానికి ఉమ్మి కూడా మింగలేకపోయారు. ముక్కులో గొట్టం వేయించి రాగిజావ పోశాను. అయినా ఈరోజు ఆయన మాట వింటున్నాను.

రేడియేషన్ డాక్టర్:
అక్కా, ఆయనది ముదిరిన దశ అయి ఉంటుంది. ఆ దశలో మీరు చేయించిందే సరైన వైద్యం. 2003లో వచ్చిన అమెరికా అధ్యయనంలో రెండేళ్ళకి స్వరపేటిక నిలిచింది రెండూ కలిపి ఇచ్చినవాళ్ళలో 88 శాతం మందికి, కరెంటు ఒక్కటే ఇచ్చినవాళ్ళలో 70 శాతం మందికి. వాళ్ళంతా మూడు, నాలుగు దశలవాళ్ళు. టీ1 వాళ్ళని అందులో చేర్చుకోనే లేదు. టీ1లో కరెంటు ఒక్కదానితోనే పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి నయమవుతుంది. తిరగబెట్టినా ఆపరేషన్ దారి ఉంటుంది. సిస్‌ప్లాటిన్ కిడ్నీని, చెవిని దెబ్బతీస్తుంది. పోయిన వినికిడి తిరిగి రాదు.

కరీంనగర్ తమ్ముడు:
సార్, మా అమ్మకి టీ2, అంటే రెండో దశ. కరెంటు ఒక్కటే పెట్టిన్రు. ఏడాదిన్నరకి తిరగబెట్టింది, స్వరపేటిక తీసేసిన్రు. ఇప్పుడు మెడ మీది రంధ్రానికి గుడ్డ కట్టుకుని తిరుగుతది. అప్పుడే కీమో ఇస్తే ఇట్ల కాకపోయేదేమో.

రేడియేషన్ డాక్టర్:
తమ్ముడూ, అసలు చర్చంతా మీరు చెప్పిన చోటే ఉంది. టీ2లో కణితి పెద్దదై స్వరతంత్రి కదలిక మందగిస్తే కరెంటుకి లొంగడం తగ్గుతుంది. అలాంటివాళ్ళకి కీమో కలిపే డాక్టర్లున్నారు, నేనూ కొందరికి ఇచ్చాను. అమ్మగారికి ఇచ్చుంటే ఏమయ్యేదో చెప్పే ధైర్యం నాకు లేదు. కానీ ఆ లెక్క తెచ్చి టీ1కి వెయ్యడం మాత్రం ఒప్పుకోను. తెనాలి అమ్మా, తంత్రులు రెండూ బాగా కదులుతున్నాయా అని అడగండి. బీడీ ఇవాళే మాన్పించండి. సిట్టింగ్ ఒక్కటీ తప్పనివ్వకండి. మధ్యలో వారం ఆగితే మిగిలిన కణాలు పుంజుకుంటాయి, నాకు దాని భయమే ఎక్కువ.

తెనాలి అమ్మాయి:
అడిగాను సార్. కెమెరాలో చూపించారు. రెండు తెల్లటి పట్టీలు, నాన్నని ‘ఈ’ అనమంటే రెండూ దగ్గరికొస్తున్నాయి. ఎడమదాని అంచున గరుగ్గా చిన్న పొర. సోమవారం తల కదలకుండా పెట్టే మాస్క్ కొలత తీసుకుంటారు, కరెంటు ఒక్కటే. మీరు రాసింది బాబాయిలకి చదివి వినిపించాను. పెద్ద బాబాయి ఇంకా ఒప్పుకోలేదు.