రెండు భాషలు మాట్లాడేవాళ్లకు డిమెన్షియా రాదా?

ప్రశ్న: నెల్లూరు కోటమిట్ట వైపు ఇంట్లో ఉర్దూ, అంగట్లో తెలుగు మాట్లాడే పెద్దవాళ్లు చాలామంది. వాళ్లకు డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన తగ్గిపోయే జబ్బు) రాదని వాట్సాప్‌లో తిరుగుతా ఉంది. నిజమేనా? ఒక్క తెలుగే వచ్చిన 65 ఏళ్ల మనిషికి ఇప్పుడు హిందీ నేర్పిస్తే పనికొస్తుందా?

జవాబు 1: రాదనడం తప్పండీ, ఆలస్యంగా బయటపడుతుందనాలి. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. ఒక్క భాషవాళ్లకంటే రెండు భాషలవాళ్లకు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. బడి ముఖం చూడనివాళ్లలోనూ ఈ తేడా కనిపించింది కాబట్టి ఇదంతా చదువు మహిమ అనడానికి లేదు. మూడో భాష, నాలుగో భాష వల్ల అదనపు లాభం మాత్రం కనబడలేదు.

కెనడాలోని టొరంటోలో రోగుల మెదడు స్కాన్లు పోల్చి చూస్తే, లక్షణాలు ఒకే స్థాయిలో ఉన్నా రెండు భాషలవాళ్ల మెదడులోనే ఎక్కువ అరుగుదల ఉంది. అంటే జబ్బు ఆగలేదు, మెదడు తట్టుకుంది. మాట్లాడే ప్రతిసారీ ఒక భాషను ఎంచుకొని రెండోదాన్ని అణిచిపెట్టే పని ఏళ్ల తరబడి చేయడమే కారణమని ఒక వివరణ.

జవాబు 2: పై లెక్కలు ఆసుపత్రికి వచ్చినవాళ్లవి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లను ఏళ్లపాటు గమనించిన అధ్యయనాల్లో కొన్నింట్లో ఈ మేలు కనిపించలేదు. 65లో హిందీ సరదాగా నేర్చుకోవచ్చు, నలుగురితో మాటలు కలుస్తాయి. అదే మందని మాత్రం నమ్మొద్దన్నా. బీపీ, షుగరు, పొగ, వినికిడి ముందు చూసుకోండి. చెవిలో గులిమి ఉంటే తీయించి, ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) చేయించండి. సరిగా వినబడని మనిషి మాటలు తగ్గించేస్తాడు, అప్పుడు ఎన్ని భాషలొచ్చినా ఏం లాభం?

జవాబు 3: డిమెన్షియా అనుమానం వస్తే జ్ఞాపకశక్తి పరీక్ష ఏ భాషలో జరుగుతుందో చూడండి. ఉర్దూలో పెరిగిన అవ్వను తెలుగులోనే అడిగితే మార్కులు తగ్గి, లేని జబ్బు ఉన్నట్టు తేలొచ్చు. చదువు రానివాళ్లకు రాసే ప్రశ్నలు సరిపడవు. చిన్నప్పటి భాష ఏది, లెక్క ఏ భాషలో వేస్తారు, ఎన్నో తరగతి దాకా చదివారు అన్నవి డాక్టరుకు ముందే చెప్పండి. వాడే మాత్రల షీట్లన్నీ తీసుకుపోండి. అడిగిందే అడగడం, చిల్లర తప్పుగా ఇవ్వడం, తెలుగు కోడలితో ఉర్దూలో మాట్లాడుతున్నా గమనించుకోకపోవడం ఎప్పుడు మొదలైందో రాసి పెట్టుకోండి.

బి12, థైరాయిడ్, సోడియం పరీక్షలు అడగండి, వీటి లోపాలు సరిదిద్దుకోవచ్చు. ఒకటి రెండు రోజుల్లోనే హఠాత్తుగా తికమక మొదలైతే డిమెన్షియా అనుకొని ఇంట్లో పెట్టుకోవద్దు. మూత్రంలో ఇన్ఫెక్షనో, సోడియం పడిపోవడమో, పక్షవాతమో కావచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి.