రెండు అపార్ట్‌మెంట్ల ఉమ్మడి దారికి రిపేరు: పక్క అసోసియేషన్ వాటా ఇవ్వకపోతే?

విజయవాడలో మాది 15 ఫ్లాట్లు, పక్కవాళ్లది 10. మధ్యలో 18 అడుగుల వెడల్పు, 140 అడుగుల పొడవున్న ప్రైవేటు సిమెంటు రోడ్డు. ఇరువైపుల దస్తావేజుల్లోనూ ‘ఉమ్మడి దారి’ అనే ఉంది, నిర్వహణ ఖర్చు గురించి ఒక్క ముక్క లేదు.

నీళ్ల ట్యాంకర్లు తిరిగి గేటు దగ్గర 40 అడుగుల మేర స్లాబు పగిలింది. కింద గ్రావెల్ సరిగా దిమ్మిస చేయలేదు, వాలు కూడా మా గోడ వైపే ఉంది. వానొస్తే నీళ్లు సెల్లార్‌లోకి దిగుతున్నాయి. పైపైన సిమెంటు మాలు పూస్తే ఒక్క వానకే లేచిపోయింది. పాతది తవ్వి, గ్రావెల్ దిమ్మిస చేసి, 6 అంగుళాల ఎం20 గ్రేడు కాంక్రీటు కాలువ వైపు వాలుతో వేయాల్సిందే.

కార్పొరేషన్‌లో అడిగితే ప్రైవేటు దారి, మేం వేయం అన్నారు. ఖర్చు ఫ్లాట్ల లెక్కన 60:40 అంటూ కొటేషన్ జతచేసి పక్క అసోసియేషన్‌కు రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. తమకు వెనక గేటుందని, ట్యాంకర్లు మావేనని వాళ్ల జవాబు. కానీ వాళ్ల కార్లూ ఇటే వస్తాయి.

1882 ఈజ్‌మెంట్స్ చట్టం సెక్షన్ 25 ప్రకారం ఖర్చు దారి హక్కు వాడుకునేవాళ్లదే. అయితే అది ఒకరి స్థలంలో మరొకరికి హక్కున్నప్పటి మాట. ఇక్కడ స్థలమే ఇద్దరిదీ కాబట్టి నేరుగా వర్తించదనిపిస్తోంది. రెండు వేర్వేరు సొసైటీలు కావడంతో మా బైలాస్ (సొసైటీ నియమావళి) వాళ్లకు చెల్లవు.

వానాకాలం లోపు మేమే మొత్తం పెట్టుకుని రోడ్డు వేసేస్తే, తర్వాత వాళ్ల 40 శాతం చట్టప్రకారం వసూలు చేయాలంటే పని మొదలుపెట్టే ముందే ఏ నోటీసు, ఏ ఆధారాలు సిద్ధం చేసుకోవాలి?